మా ఆయన తాగుబోతు కాదు

ఈ మాట ముందే రాసి పైన పెట్టుకుంటే తప్ప మిగతాది రాయడానికి నాకు చెయ్యి ఆడలేదు. చర్చిలో ప్రభువు బల్ల దగ్గర ఇచ్చే గుక్కెడు ద్రాక్షరసానికే వేపకషాయం తాగినట్టు మొహం పెట్టేవాడు ఆయన. పక్కన కూర్చున్న నేను నవ్వాపుకోలేక కొంగు నోట్లో కుక్కుకునేదాన్ని. అట్లాంటి మనిషిని ఊరంతా ఏడేళ్ళపాటు తాగుబోతు అన్నది. ఆయన పోయి ఏడాది కావస్తోంది. ఇప్పుడైనా రాయకపోతే నా గుండె పగిలేట్టుంది.

ఆయన పేరు దానియేలు. గోదావరిఖనిలో బొగ్గు గనిలో సర్దార్. గనిని మా దగ్గర బాయి అనే అంటారు. గ్యాంగు బొగ్గు తవ్వడానికి పోయేముందు సర్దార్ ముందు నడవాలి. నెత్తిమీద కప్పుగా ఉన్న బండను కర్రతో తట్టి మోత వినాలి. ఖంగుమంటే గట్టిది. డొల్లగా మోగితే వదులైంది, ఎప్పుడైనా కూలుతుంది. ఆయన తలూపితేనే మిగతావాళ్ళు ఆ కప్పు కిందికి పోవాలి. ఆయన తలూపిన చోట ఎన్నడూ పెళ్ళ రాలలేదని జనం చెప్పుకునేవారు. నేను మిషన్ బడిలో చిన్నపిల్లలకు చదువు చెప్పేదాన్ని. మాకు ఒక్కడే కొడుకు, శామేలు.

అరవై ఎనిమిది వానాకాలంలో మొదలైంది. మొదట నవ్వులాటే. డ్యూటీ దిగి వచ్చి పక్క క్వార్టర్లోకి పోయి, "మార్తా, నీళ్ళు తోడు" అని కేకేశాడు. క్వార్టర్లన్నీ ఒకే తీరుగా ఉంటాయి, అందరం ఎప్పుడో ఒకప్పుడు పొరబడ్డవాళ్ళమే. పక్కింటామె "అన్నకు ఇల్లు మారాలనుందట" అని ఎగతాళి చేసింది. తరవాత ఒక ఆదివారం చర్చిలో బైబిలు వాక్యం చదువుతూ, చదివిందే మళ్ళీ చదివాడు. మూడోసారీ అదే చదివాడు. ఆయన చర్చిలో సంఘపెద్ద. జనం తలలు దించుకున్నారు. ఇంటికి వచ్చాక "ఏందయ్యా, గట్ల చేసినవ్?" అంటే, "ఈరోజు ఆదివారమా?" అన్నాడు.

సోమవారం దవాఖానకు తీసుకుపోదామని చీర మార్చుకుని సిద్ధంగా ఉన్నాను. అడ్డం పడింది మల్లయ్య.

మల్లయ్య మా ఆయన గ్యాంగులో పనివాడు. బెల్లంపల్లి బాయిలో ఉన్ననాటి నుంచి ఆయనను అంటిపెట్టుకుని ఉన్నవాడు. ఇక్కడ బాయిలు తెరిచినప్పుడు ఇద్దరూ కలిసే వచ్చారు. మల్లయ్యది వేరే దేవుడు, మాది వేరే దేవుడు, పొయ్యి మాత్రం ఒకటే అన్నట్టుండేది. మా ఇంట్లో అన్నం తినని ఆదివారం లేదు.

"వదినె, దవాఖానకు తీస్కపోకు," అన్నాడు గడప మీద కూర్చుని. "డాక్టరు ఒక్క మాట రాసిండంటే అన్న సర్దార్ పని పోతది. బాయి మీద ఊడ్చే పని ఇస్తరు. అన్న మొకం ఎట్ల ఎత్తుకుంటడు చెప్పు?"

"మరి బాయిల ఏమన్నయితే? కప్పు మోత ఆయనకు తెల్వాలె గద, మల్లయ్యా!"

"నాకు తెల్వదా మోత? ఆయన పక్క పొంటి ఎన్నేండ్ల సంది నిలవడుతున్న! నువ్వు ఫికర్ చెయ్యకు. మేం గ్యాంగోళ్ళం అందరం ఉన్నం. అన్నను తీస్కపోయేది మేమే, తెచ్చి నీ కాడ ఒప్పజెప్పేది మేమే."

చీర విప్పి మడతపెట్టాను. మల్లయ్య మాట నాకు అంత గురి.

తరవాత రెండేళ్ళు వాళ్ళు చెప్పినట్టే చేశారు. బాయి జనంలో అది మొదటినుంచీ ఉన్న వాడుకే. ఒకడికి జ్వరం వస్తే వాడి బొగ్గు టబ్బు ఇంకొకడు నింపుతాడు, ఒకడు ఆలస్యమైతే వాడి మస్టర్ హాజరు ఇంకొకడు పడేలా చూస్తాడు. పై దొరలకు తెలియనియ్యరు. అది తప్పని ఎవరూ అనుకోరు, తోటివాడిని పట్టిచ్చేవాడినే తప్పుగా చూస్తారు. పొద్దున్నే మల్లయ్య వచ్చి ఆయన్ని తీసుకుపోయేవాడు. లాంపు రూములో దీపం తీసి ఆయన టోపీకి తగిలించేవాడు. లోపల ఒక మూల కూర్చోబెట్టి, షిఫ్టు కాగానే మొహం కడిగి తెచ్చి నా దగ్గర వదిలేవాడు. నేను కోడిని కోస్తే మొదటి గిన్నె మల్లయ్య ఇంటికి పోయేది. వాళ్ళు దేవుడు పంపిన దూతలని ప్రార్థనలో చెప్పేదాన్ని. దుమ్ము నా నోట్ల పడ!

ఇంట్లో మాత్రం దాయడానికి ఎవరూ లేరు. సబ్బు తీసి బియ్యం డబ్బాలో దాచేవాడు. దొరకకపోతే నేనే దొంగనని అరిచేవాడు. పెళ్ళయినప్పటినుంచీ నా మీద చెయ్యెత్తని మనిషి ఒకరోజు చెంప మీద కొట్టాడు. నేను ఏడుస్తుంటే దగ్గరికి వచ్చి, "ఎవరు కొట్టిండ్రు మార్తా? చెప్పు, వాని సంగతి చూస్త," అన్నాడు. ఆ మాటకు నాకు నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, రెండూ ఆగలేదు.

శామేలు అప్పుడు మంచిర్యాలలో చదువుతున్నాడు. సెలవులకు వచ్చి, "అమ్మా, నా దోస్తులు వస్తున్నరు, నాయినను బయిటికి రానియ్యకు," అన్నాడు. నేను వాణ్ణి లాగి ఒకటి కొట్టాను. వాడు తినకుండా పడుకున్నాడు. వాడి సిగ్గు వాడిది, నా కోపం నాది. మా ముగ్గురిలో ఆకలని అడిగి తిన్నది ఆయనొక్కడే.

డెబ్బై ఎండాకాలం. బడి నుంచి వస్తుండగా బాయి సైరన్ వేళకాని వేళ మోగింది. ఆడవాళ్ళందరం చెప్పుల్లేకుండా ఉరికాం. కప్పు కూలింది. గ్యాంగులో కొమురయ్య అనే కుర్రాడి కాలు బండ కింద నలిగింది. మిగతావాళ్ళు బయటపడ్డారు. అందరి వెనక మా ఆయన వచ్చాడు, పట్టపగలు టోపీ మీద దీపం వెలుగుతూనే ఉంది. నన్ను చూసి, "ఇంత జనమున్నరేంది, జాతరా?" అన్నాడు.

మర్నాడు ఆఫీసులో విచారణ. మొదట పిలిచింది మల్లయ్యను. నేను కిటికీ పక్కన నిలబడి ఉన్నాను, చెవులారా విన్నాను.

"తాగి వచ్చిండు దొరా," అన్నాడు మల్లయ్య. "మేం వద్దన్నా ఇనలే. కప్పు తట్టకుంటనే పోర్రి అన్నడు."

తరవాత వచ్చిన ప్రతివాడూ అదే పాట పాడాడు. ఒక్క మాట అటూ ఇటూ కాలేదు, ముందే కూడబలుక్కున్నారని గుడ్డివాడికైనా తెలుస్తుంది. నేను ఆగలేక లోపలికి పోయాను. "అబద్ధం సార్! ఆయనకు జబ్బు. రెండేళ్ళుగా మతి లేదు," అన్నాను.

ఆఫీసరు మంచివాడే, కసురుకోలేదు. "ఏ డాక్టరుకన్నా చూపించినారామ్మా?" అన్నాడు.

లేదు.

"రెండేండ్లల్ల ఒక్క నాగా లేదు. ఒక్కనాడు జ్వరమని దవాఖానకు పోలేదు. మతి లేని మనిషి గిట్ల డ్యూటీ ఎట్ల చేసిండు?"

నేను మల్లయ్య వైపు చూశాను. వాడు తన చేతుల వైపు చూసుకుంటున్నాడు. రెండేళ్ళు వాళ్ళు చేసిన మేలంతా ఆ బల్ల మీద మాకు ఎదురు సాక్ష్యమైంది. జబ్బును దాచిపెట్టామని ఒప్పుకుంటే గ్యాంగు గ్యాంగంతా ఇంటికి పోవాలి. తాగాడంటే ఒక్కడే పోతాడు.

బాయి బతుకు తెలియనివాళ్ళకు ఇక్కడొక మాట చెప్పాలి. జబ్బుతో దిగిపోయినవాడి ఇంట్లో ఒకరికి ఏదో ఒక పని చూపడం ఆనవాయితీగా ఉండేది. మర్యాదగా పంపేవారు. తాగి మనిషి కాలు తీసినవాడికి ఏమీ ఉండదు. మా ఆయన పని పోయింది, శామేలుకు రావలసిన పని పోయింది, క్వార్టరు ఖాళీ చేయమన్నారు. బజారు అవతల బస్తీలో రేకుల గదిలోకి మారాం. సామాను మోసింది నేనూ శామేలూ. గ్యాంగు నుంచి ఒక్క పురుగు రాలేదు.

బజారులో ఒక డాక్టరు దగ్గరికి తీసుకుపోయాను. బెంచీ మీద మా పక్కన కూర్చున్నవాళ్ళు కొంచెం కొంచెంగా జరిగి లేచిపోయారు. డాక్టరు ఆయన నోరు వాసన చూశాడు. తాగుడు మానినా మతి ఇట్లాగే పోతుందమ్మా అన్నాడు. ఆ డాక్టరు తప్పు కూడా కాదు, మేం పోకముందే మా కథ లోపలికి చేరింది.

చర్చిలో అయ్యగారు, అంటే మా పాస్టరుగారు, ఇంటికి వచ్చి మెల్లగా చెప్పారు. సంఘపెద్దగా దానియేలు పేరు తీసేశాం, మారుమనస్సు పొందేదాకా ప్రభువు బల్ల దగ్గరికి రావద్దు అని. "ఏ పాపానికి మారుమనస్సు అయ్యగారూ? చెయ్యని పాపం ఆయనకు ఎట్ల యాదికి రావాలె?" అన్నాను. నాకు నోరెక్కువని మా అత్త ఊరికే అనలేదు. అయ్యగారు ప్రార్థన చేసి వెళ్ళిపోయారు.

డెబ్బై ఒకటి చలికాలంలో నా చెవి కమ్మలు, కుట్టుమిషను అమ్మి హైదరాబాదు పోయాం. పెద్ద దవాఖాన వరండాలో పొద్దంతా పడిగాపులు. ఆయన లేచి లేచి "సైరన్ కొట్టింది, పోవాలె" అని తలుపు వైపు నడిచేవాడు. నేను లాగడం, ఆయన విదిలించుకోవడం, జనం చూడడం. పక్కన ఒక ముస్లిం ఆమె తన తల్లిని పట్టుకుని కూర్చుంది.

"బహెన్, గుంజకు," అంది నాతో. "మా అమ్మీ గూడ గిట్లనే. చచ్చిపోయిన మా అబ్బా కోసం తలుపు తీస్తనంటది. లేడు అంటే పొద్దుమూకేదాక ఏడుస్తది. వస్తుండు, నువ్వు జర చాయ్ తాగు అంటే కూసుంటది."

అని మా ఆయన వైపు తిరిగి, "భాయిసాబ్, ఈరోజు మీకు ఛుట్టీ. మీ దొర చెప్పి పంపిండు," అంది. ఆయన "అట్లనా?" అని వచ్చి బుద్ధిగా కూర్చున్నాడు. ఆమె తన రొట్టెలో సగం విరిచి ఆయన చేతిలో పెట్టింది. అప్పటికి ఏడాదిగా మా చెయ్యి కూడా తగలకుండా తిరిగిన జనాన్ని చూసిన నాకు ఆ రొట్టె చూడగానే కళ్ళు నిండాయి. ఆమె పేరు కూడా నేను అడగలేదు, పశువును.

అక్కడి డాక్టరు చాలాసేపు ఆయనతో మాట్లాడాడు. మెదడు మెల్లమెల్లగా ఎండిపోయే జబ్బు, తాగుడుకు దీనికి సంబంధం లేదు, మందు లేదు, నువ్వు నీ ఆరోగ్యం చూసుకో అన్నాడు. మందు లేదన్న మాటకంటే తాగుడు కాదన్న మాటే నాకు ముందు వినపడింది. ఆ మాట పట్టుకుని ఆఫీసుకు ఉరికితే, ఇప్పుడున్న జబ్బు అప్పుడూ ఉందని ఎవరు చెప్పాలి, గ్యాంగువాళ్ళు చెప్పాలి అన్నారు. వాళ్ళ నోళ్ళకు తాళం పడింది.

ఆ చలికాలం పోయాక, ఈస్టరు ముందు కొమురయ్య మా గదికి వచ్చాడు, చంకలో కర్ర పెట్టుకుని. తల దించుకుని కూర్చుని చెప్పాడు.

"అక్కా, ఆ పొద్దు కప్పు తట్టింది అన్న కాదు. అన్న మూలకు కూసున్నడు. మల్లన్ననే తట్టిండు. మంచిగున్నది, దిగుర్రి అన్నది మల్లన్ననే."

నా చేతిలో గిన్నె ఉంది. కింద పెట్టాను. "మరి ఆఫీసుల ఎందుకు చెప్పలే?"

"అప్పుడు నేను దవాఖానల ఉన్న. బయిటికి వచ్చినంక మల్లన్న ఎంబడి తిరిగి నాకు కూసుండి చేసే పని ఇప్పిచ్చిండు. ఎట్ల చెప్పాలె అక్కా?"

"మరి నాకెందుకు చెప్పినవురా?"

"కడుపుల పెట్టుకుంట లేను," అని కుంటుకుంటూ వెళ్ళిపోయాడు. వాడి కడుపు ఖాళీ చేసుకుని నా కడుపు నింపాడు.

ఆ పళంగా మల్లయ్య ఇంటికి పోయాను. వాడు కాదనలేదు. లోపలికి రమ్మని పీట వేశాడు. నేను కూర్చోలేదు.

"వదినె, నన్ను చెప్పుతోని కొట్టు," అన్నాడు. "గని ఒక్కటి ఆలోచన చెయ్యి. అన్నకు ఏం తెలుస్తది? తాగుబోతు అన్నా, దేవుడన్నా ఆయనకు ఒక్కటే. నాకు తెలుస్తది. నా పిల్లలకు తెలుస్తది. పోయిన మతికి పేరెందుకు చెప్పు?"

వాడే నన్ను చెప్పుతో కొట్టి ఉంటే బాగుండేది. ఆ మాట వాడు ఏడుస్తూనే అన్నాడు, నిజంగానే ఏడుస్తున్నాడు. అదే నేను ఇప్పటికీ క్షమించలేకపోతున్నాను. పగవాడు పొడిస్తే కాచుకుంటాం. మనకు అన్నం కలిపి పెట్టినవాడు, మన దగ్గర తిన్నవాడు, నీ మొగుడికి ఇక మానం అక్కరలేదులే అని లెక్క తేల్చేస్తే ఎవరితో చెప్పుకోవాలి?

మల్లయ్య చెప్పింది సగం నిజమే. ఆయనకు తెలియదు. బస్తీ పిల్లలు "తాగుబోతు సర్దార్!" అని వెంటపడితే, బాయి కుర్రాళ్ళు దండం పెడుతున్నారనుకుని చెయ్యెత్తి పలకరించేవాడు. మాకు తెలుసు. శామేలు చదువు మానేసి లారీల మీద బొగ్గు నింపే కూలికి పోయాడు. తోటి కూలీలు సాయంత్రం సీసా ముందు పెట్టి, "నీకు అలవాటే గద, మీ అయ్య రక్తం," అనేవారట. ఆయన్ను ఒక్కణ్ణి వదిలి పోలేక నేను బడి మానేశాను. బడి మేనేజరు ఆపలేదు, ఊపిరి పీల్చుకున్నట్టే కనిపించాడు. చేతికుట్టు రవికలు కుడుతూ, ఆయన్ను కనిపెట్టుకుంటూ ఆ ఏళ్ళు నెట్టాను. ఎన్నోసార్లు, దేవా ఈయన్నన్నా తీసుకుపో, నన్నన్నా తీసుకుపో అనుకున్నాను.

ఇది చదివేవాళ్ళలో ఎవరింట్లోనైనా ఇట్లాంటి మనిషి ఉంటే ఒక్క మాట. దాచకండి. మొదటి రోజే తీసుకుపోయి బెంచీ మీద కూర్చోండి, ఎవరు ఏమనుకున్నా సరే. దాస్తామని వచ్చేవాడు ఎంత ప్రేమగా వచ్చినా వద్దనండి. మనిషితో వాదించకండి, హైదరాబాదులో ఆమె చెప్పినట్టు, డ్యూటీ అయిపోయింది, ఛుట్టీ ఇచ్చారు అనండి. నేను ఆ మాట చెప్పినప్పుడల్లా ఆయన చెప్పులు విప్పి మంచం మీద కూర్చుని, "హమ్మయ్య" అనేవాడు. ఆ ఒక్క "హమ్మయ్య" విని నేను వంట చేసుకునేదాన్ని.

డెబ్బై ఆరు చివరలో ఆయన మింగడం మానేశాడు. గంజి చెంచాతో పోస్తే చెంపల మీదుగా కారేది. ఒక పొద్దున శామేలు ఒళ్ళో తల పెట్టుకుని ఉండగా ఊపిరి ఆగింది.

సమాధుల తోటకు చాలామంది వచ్చారు. చచ్చినవాణ్ణి అందరూ క్షమిస్తారు. అయ్యగారు కొత్తవారు, పాతవారు బదిలీ అయిపోయారు. ప్రార్థన అయ్యాక మల్లయ్య గుంపులోంచి ముందుకు వచ్చాడు. అంతకు ముందు నెలే వాడు వయసైపోయి పనిలోంచి దిగిపోయాడు, రావలసినవన్నీ చేతికి వచ్చాయి. వాడి కొడుక్కు బాయిలో పని కూడా అయ్యింది.

"అన్న తాగలే," అన్నాడు పెద్దగా. "అన్న ఒక్కనాడు తాగలే. అన్నకు జబ్బుండె. మేం దాచినం. మా బతుకుల కోసం మేం అబద్ధం చెప్పినం. ఈ మట్టి మీద ఒట్టు."

అని మోకాళ్ళ మీద పడి బావురుమన్నాడు. జనం కరిగిపోయారు. ఆడవాళ్ళు కొంగులు అడ్డం పెట్టుకున్నారు. ఒకాయన వాణ్ణి లేపి హత్తుకున్నాడు. "ఎంత పెద్ద మనసు నీది మల్లన్నా! ఇంతమంది ముందల గిట్ల ఒప్పుకునుడు ఎవరికి చాతనయితది?" అన్నారు. కొత్త అయ్యగారు వాడి భుజం తట్టి, ఈరోజు పరలోకంలో ఆనందం అన్నారు.

నేను ఇంకా ఎదురుచూస్తున్నాను. రెండో మాట కోసం. వాడు కళ్ళు తుడుచుకుని, గుప్పెడు మట్టి వేసి, వెనక్కి జరిగాడు.

"మిగిలింది గూడ చెప్పు మల్లయ్యా," అన్నాను. "ఆ పొద్దు కప్పు తట్టింది ఎవరు? దిగుర్రి అన్నది ఎవరు?"

గుంపంతా నా వైపు తిరిగింది. నేను కొమురయ్య కోసం వెతికాను. సమాధి అంచున చంక కర్ర మీద వాలి నిలబడ్డాడు. "కొమురయ్యా, నాకు చెప్పింది వీళ్ళకు చెప్పు," అన్నాను.

కొమురయ్య తల దించుకున్నాడు. "నేనేం చెప్పిన అక్కా?" అన్నాడు. "నేనేం చెప్పలే."

నేను అరిచాను. కొమురయ్య వచ్చి నా గదిలో కూర్చున్న సంగతి, మల్లయ్య పీట వేసిన సంగతి, అన్నీ వరసపెట్టి చెప్పాను. చెప్పేకొద్దీ జనం కళ్ళలో కోపం లేదు, జాలి కనపడింది. మల్లయ్య నా దగ్గరికి వచ్చి, చిన్నపిల్లతో మాట్లాడినట్టు మెల్లగా, "పోనియ్యి వదినె. నీ మనసు మంచిగ లేదు," అన్నాడు. నా వెనక ఒకామె ఇంకొకామెతో అన్నది నాకు స్పష్టంగా వినపడింది.

"పాపం, ఇన్నేండ్లు ఆయనతోని ఉండి ఈమెకు గూడ మతి తప్పినట్టున్నది."

నేను శామేలు వైపు చూశాను. వాడికి ఇవన్నీ తెలుసు, నేనే చెప్పాను, ఒకసారి కాదు. వాడు మల్లయ్య మొహం చూశాడు, కొమురయ్య మొహం చూశాడు, నా మొహం చూశాడు. అప్పుడు నా చెయ్యి పట్టుకుని, "రా అమ్మా, గేటు ఇటు," అన్నాడు, గేటు ఎటుందో నాకు తెలియనట్టు.